ఆన్‌లైన్ చదువులో పని ఎవరిది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచీ మొదలవుతాయి ఆ ఫోన్లు. "సార్, మాది సెల్ఫ్ పేస్డ్ ప్రోగ్రామ్. లైఫ్‌టైమ్ ఎల్ఎంఎస్ యాక్సెస్ ఉంటుంది. వీకెండ్‌లో లైవ్ డౌట్ సెషన్స్, ఇండస్ట్రీ సర్టిఫికేషన్, ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ కూడా ఇస్తాం..." అవతలి గొంతు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతుంది. ఇవతల తండ్రి "ఆహా, అలాగా" అంటూ వింటాడు. సగం మాటలు అర్థం కావు, అడగడానికి మొహమాటం. పిల్లవాడికి తెలిసే ఉంటుందిలే అని తండ్రి, నాన్న కనుక్కునే ఉంటాడులే అని పిల్లవాడు. ఈలోగా డబ్బు కట్టేయడం జరిగిపోతుంది.

నిజానికి ఈ మాటల్లో అంత కష్టమైనవేమీ లేవు. తరగతి గదిలో పంతులుగారు అనే ఒక్క మనిషి ఎన్ని పనులు చేసేవారో గుర్తు చేసుకోండి. పాఠం చెప్పేవారు, హాజరు వేసేవారు, వెనక బెంచీలో కునుకు తీసేవాణ్ణి లేపేవారు, సందేహం తీర్చేవారు, పేపర్లు దిద్దేవారు, చివరికి వీడు పాసయ్యాడని సంతకం పెట్టేవారు. ఆన్‌లైన్ చదువు ఈ పనులన్నిటినీ విడగొట్టింది. కొన్నిటిని కంప్యూటర్‌కిచ్చింది, కొన్నిటిని తోటి విద్యార్థులకిచ్చింది, మిగిలినవి చడీచప్పుడు లేకుండా నేర్చుకునేవాడి నెత్తినే పెట్టింది. కొత్త మాట ఏది వినబడినా, దానివల్ల ఏ పని ఎవరి మీద పడుతోందని అడిగితే చాలు, అర్థం దానంతటదే బయటపడుతుంది.

ముందు సింక్రనస్, అసింక్రనస్ సంగతి చూద్దాం. చెప్పేవారూ వినేవారూ ఒకే సమయానికి హాజరైతే సింక్రనస్. జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో జరిగే లైవ్ క్లాసు అదే. ముందే రికార్డు చేసి ఉంచిన పాఠాన్ని ఎవరికి వీలైనప్పుడు వారు చూసుకుంటే అసింక్రనస్. కరోనా ఏడాది, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో మొదలైన బడి పాఠాలు ఈ రెండింటి మధ్యా నిలిచాయి. చెప్పిన టైముకి టీవీ ముందు కూర్చోవాలి, చెయ్యెత్తి అడగడానికి మాత్రం వీల్లేదు. అయినా స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి కూడా చేరిన పాఠాలవి, తక్కువ చేసి చూడలేం.

లైవ్ క్లాసులో పిల్లవాణ్ణి సమయానికి కూర్చోబెట్టే పని కొంత టైంటేబుల్ చేస్తుంది. రికార్డు పాఠంలో ఆ పని పూర్తిగా పిల్లవాడిదే. ఇక సెల్ఫ్ పేస్డ్ అంటే ఇంకో మెట్టు పైకి వెళ్లినట్టు. గడువు తేదీలు కూడా ఉండవు, మీ వేగం మీ ఇష్టం. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఇది వరమే. పదిహేడేళ్ల కుర్రాడికి మాత్రం ఎవరూ అడగని చదువు ఎన్నాళ్లు సాగుతుందో తల్లిదండ్రులకు వేరే చెప్పాలా? దీనికి ఎదురుగా ఉండే మాట కోహార్ట్. మనవాళ్లకు ఇది బ్యాచ్‌గా ఎప్పుడో తెలుసు. అందరూ కలిసి మొదలెట్టి, కలిసి ముగించడం. హైదరాబాద్ అమీర్‌పేటలోని సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలు కరోనాకి చాలా ముందే ఆన్‌లైన్ బ్యాచ్‌లు నడిపాయి. ఇక్కడ తెల్లవారుజామున క్లాసు పెడితే అమెరికాలో ఉన్నవాళ్లకు అది రాత్రి భోజనాలయ్యే వేళ. అమీర్‌పేట మనకు అలవాటు చేసిన మరో మంచి పద్ధతి డెమో. డబ్బు కట్టకముందే ఒకట్రెండు క్లాసులు విని చూడటం. పేరున్న యాప్ అయినా సరే, డెమో అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు.

అన్నట్టు, లైఫ్‌టైమ్ యాక్సెస్ అన్న మాట విన్నప్పుడు ఎవరి లైఫ్‌టైమ్ అని అడిగి చూడండి. ఆ వెబ్‌సైట్ ఎన్నాళ్లు బతికితే అన్నాళ్లే.

బ్లెండెడ్, హైబ్రిడ్ అనే రెండు మాటల్ని చాలామంది ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. బ్లెండెడ్‌లో ప్రతి విద్యార్థికీ కొంత చదువు గదిలో, కొంత ఆన్‌లైన్‌లో సాగుతుంది. హైబ్రిడ్ అన్నప్పుడు ఎక్కువగా ఒకే క్లాసుకు కొందరు గదిలో, కొందరు తెరమీద హాజరవడమని అర్థం. రెండోది చెప్పేవారికి నరకం. ఎదురుగా ఉన్నవారి ముఖాలు చూడాలా, తెరమీద "సార్, వినబడట్లేదు" అనే వారికి జవాబివ్వాలా? సంస్థకు గది ఖర్చు తగ్గవచ్చు, టీచరు శ్రమ మాత్రం రెట్టింపవుతుంది.

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ వీటన్నిటికంటే ఆసక్తికరమైనది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో వుడ్‌లాండ్ పార్క్ అనే చిన్న ఊరి హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు ఉండేవారు. ఆటల పోటీలకని ఊళ్లు తిరిగే పిల్లలు క్లాసులు పోగొట్టుకుంటున్నారని 2007లో తమ పాఠాలను వీడియో తీసి పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత వారికో ఆలోచన వచ్చింది. పాఠం ఇంట్లో వినగలిగినప్పుడు క్లాసు సమయమంతా పాఠానికే ఎందుకు ఖర్చుపెట్టాలి? పాఠం ఇంటికి, హోంవర్కు బడికి మారాయి. లెక్క చేస్తూ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడ టీచరు పక్కనే ఉంటారు. పద్ధతి మంచిదే, కానీ ఇంట్లో ఫోనూ, నెట్టూ, చప్పుడులేని ఓ మూలా ఉన్న పిల్లలకే మంచిది. ఒకే ఫోన్‌తో నడిచే ఇంట్లో, ఆ ఫోన్ నాన్నతోపాటే పనికి వెళ్లిపోయే ఇంట్లో, పాఠాన్ని ఇంటికి పంపడమంటే ఆ పిల్లవాడి క్లాసు తీసేయడమే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు పాఠాలు ముందే నింపిన ట్యాబ్‌లు ఇచ్చింది. నెట్ లేకపోయినా చూసుకునే వీలున్న ఇలాంటి పాఠాలను ఆఫ్‌లైన్ కంటెంట్ అంటారు. మన ఊళ్లకు సంబంధించినంతవరకు ఈ ఆఫ్‌లైన్ అన్న మాటకే విలువ ఎక్కువ.

ఎల్ఎంఎస్ అంటే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. బడిలో హాజరు పట్టీ, మార్కుల రిజిస్టరు, నోటీసు బోర్డు, లైబ్రరీ బీరువా అన్నీ కలిపి ఒక్క వెబ్‌సైట్‌లో పెడితే అదే ఎల్ఎంఎస్. గుమాస్తా పనంతా అది చూసుకుంటుంది. ఎవరు ఎంతసేపు చూశారు, ఏ అసైన్‌మెంట్ ఇవ్వలేదు, ఏ ప్రశ్న దగ్గర సగం మంది తప్పారు అన్నీ రాసిపెడుతుంది. ఆ రాతల్ని పరిశీలించి నిర్ణయాలు తీసుకోవడాన్నే లెర్నింగ్ అనలిటిక్స్ అంటున్నారు. కాలేజీల్లో బాగా వినిపించే మూడుల్ ఇలాంటిదే. దాన్ని తయారుచేసిన మార్టిన్ డూజియామస్ ఆస్ట్రేలియాలో బడులకు దూరమైన ఎడారి ప్రాంతంలో పెరిగాడు. అక్కడి పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పే పద్ధతి ఉండేది. 2002లో అతను విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరైనా తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. కాబట్టి ఎల్ఎంఎస్ యాక్సెస్ ఇస్తున్నామని ఎవరైనా గొప్పగా చెబితే, వారిచ్చేది ఖాళీ బీరువా తాళం చెవి అనుకోండి. అందులో ఏముందో, అడిగితే జవాబిచ్చేదెవరో తెలిశాకే దానికి విలువ కట్టాలి.

ఈ రంగంలో పనిచేసేవారి నోట స్కార్మ్ అనే మాట కూడా వస్తుంది. అమెరికా రక్షణ శాఖ చొరవతో పుట్టిన ఒక ప్రమాణమిది. ఒక ఎల్ఎంఎస్ కోసం తయారుచేసిన పాఠం ఇంకో దానిలోనూ పనిచేయడానికి పాటించాల్సిన కట్టుబాటు. పాఠాలు తయారుచేసేవారికి తప్ప మిగతావారికి దీనితో పని లేదు.

మూక్ దగ్గర కాస్త ఆగాలి. ఎంతమందైనా, ఎక్కడినుంచైనా, ప్రవేశ పరీక్ష లేకుండా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సుకు ఆ పేరు. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సు సందర్భంలో ఈ మాట పుట్టింది. ఫీజు కట్టి చేరింది పాతికమంది, ఉచితంగా చేరింది రెండు వేలకు పైగా. 2012 నాటికి కోర్సెరా, ఉడాసిటీ, ఎడెక్స్ వచ్చి ప్రపంచమంతా ఇదే మాట. అదే ఏడాది ఎంఐటీ తన మొదటి మూక్‌గా సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ పెట్టింది. చెప్పినవారిలో ముఖ్యుడు అనంత్ అగర్వాల్, ఐఐటీ మద్రాస్‌లో చదివినవాడు. సుమారు లక్షా 55 వేలమంది పేర్లిచ్చారు. సర్టిఫికెట్ దాకా వచ్చినవారు 7,157.

వందకు అయిదుగురు కూడా లేరు. దీన్ని ఘోర వైఫల్యమన్నవారున్నారు. ఆ మాట నేనొప్పుకోను. పేరిచ్చినవారిలో చాలామంది తలుపు తీసి ఉందని తొంగిచూసినవారే. కావలసిన రెండు పాఠాలు విని వెళ్లినవాడు ఓడిపోయినట్టా? కాకపోతే ఇంకో సంగతి ఒప్పుకోవాలి. లక్షమంది ఉన్న క్లాసులో ఎవరు మానేశారో చూసి కబురు పెట్టేవారు లేరు. తెలిసినవాడు మరింత నేర్చుకోవడానికి మూక్ బాగుంటుంది. పునాది లేనివాడికి పక్కన మనిషి కావాలి.

మన దేశపు మూక్‌ల వేదిక స్వయం. 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. దాంట్లో ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలు ఉండాలని నియమం: వీడియో పాఠం, చదువుకోవడానికి రాతప్రతి, తనను తాను పరీక్షించుకునే క్విజ్‌లు, సందేహాలు రాసుకునే చర్చా వేదిక. దీన్నే ఫోర్ క్వాడ్రంట్ పద్ధతి అంటారు. ఏ ఆన్‌లైన్ కోర్సునైనా చూసేటప్పుడు ఈ నాలుగూ ఉన్నాయా అని వెతికితే మంచి గీటురాయి అవుతుంది. బయట అమ్ముడయ్యే కోర్సుల్లో చాలావాటికి మొదటి భాగం మెరిసిపోతూ ఉంటుంది, నాలుగోది వెతికినా దొరకదు.

ఇంజనీరింగ్ పిల్లలు రోజూ అనే ఎన్‌పీటెల్ స్వయంలో ఒక పెద్ద భాగం. స్వయం రాకముందే, 2003లో, ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. కోర్సులో చేరడం, వినడం ఉచితం. వారంవారం అసైన్‌మెంట్లు, వాటికి గడువు ఉంటాయి కనుక ఇది సెల్ఫ్ పేస్డ్ కాదు. సర్టిఫికెట్ కావాలంటే రుసుము కట్టి, కేటాయించిన కేంద్రానికి స్వయంగా వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా తెచ్చుకోవాలి. అంటే అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్ గ్రూపులో దొరకబుచ్చుకున్నవాడు పరీక్ష గది దగ్గర తేలిపోతాడు. పరీక్ష రాయకుండా వినిపోవడానికి చేరితే దాన్ని ఆడిట్ చేయడం అంటారు. చార్టర్డ్ అకౌంటెంట్లకూ దీనికీ సంబంధం లేదు.

పరీక్షల మాటల్లో ఫార్మేటివ్, సమ్మేటివ్ అనేవి తెలుగు రాష్ట్రాల్లో బడికెళ్లే పిల్లలున్న ఇళ్లకు కొత్త కాదు. ఎఫ్‌ఏ-1, ఎస్‌ఏ-1 అని పిల్లలు చెప్పేవి అవే. నేర్చుకుంటూ ఉండగా ఎక్కడ తడబడుతున్నాడో పట్టుకోవడానికి పెట్టేది ఫార్మేటివ్. అంతా అయ్యాక ఎంత వచ్చిందో తేల్చేది సమ్మేటివ్. మొదటిదాన్ని కూడా మార్కులకోసమే రాయించి, రిజిస్టరులో ఎక్కించి మరచిపోవడం మన బడుల్లో అలవాటైపోయింది. ఆన్‌లైన్‌లో వీడియో మధ్యలో ఆగి వచ్చే చిన్న ప్రశ్న ఫార్మేటివే. తప్పు రాస్తే ఎందుకు తప్పో అక్కడికక్కడే చెబితే దాని ప్రయోజనం నెరవేరినట్టు. ఎర్ర గీత గీసి ఊరుకుంటే లేదు.

దిద్దే పని ఎవరిదన్న దగ్గర మరో మూడు మాటలున్నాయి. రూబ్రిక్ అంటే ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టిన పట్టిక. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో టీచర్లకు ఇచ్చే మార్కుల విభజన వంటిదే. తేడా ఏమిటంటే రూబ్రిక్‌ను విద్యార్థికి ముందే చూపిస్తారు. పీర్ అసెస్‌మెంట్‌లో తోటి విద్యార్థులే ఒకరి రాతను ఒకరు దిద్దుతారు. వేలమంది చేరిన కోర్సులో వ్యాసాలు దిద్దడానికి అంతమంది ప్రొఫెసర్లు ఎక్కడినుంచి వస్తారు? ఇదిగో, మాస్టారి పని మీ మీద పడిందని స్పష్టంగా కనబడే చోటిది. అయినా పదిమంది రాసింది దిద్దితే మన రాత మెరుగవుతుందన్నది మాత్రం నిజం. ప్రాక్టరింగ్ అంటే పరీక్షలో కాపలా. ఇంట్లో కూర్చుని రాస్తే కెమెరా, సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తాయి. కళ్లు పక్కకు తిప్పినా, ఇంట్లో అమ్మ పిలిచినా అనుమానం నమోదయ్యే వీలుంది కాబట్టి, అలాంటి పరీక్షకు ముందు ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి.

లెర్నింగ్ అవుట్‌కమ్ అన్న మాట ఇంజనీరింగ్ అధ్యాపకుల చేత నిట్టూర్పు విడిపిస్తుంది. కోర్సు ముగిశాక విద్యార్థి ఏం చేయగలగాలో ముందే రాయడం దాని సారాంశం. ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించే ఎన్‌బీఏ గుర్తింపు కావాలంటే, అవుట్‌కమ్‌లు ముందే రాసుకునే ఈ పద్ధతి పాటించాలి. కాలేజీల్లో సీఓ-పీఓ (కోర్సు అవుట్‌కమ్, ప్రోగ్రామ్ అవుట్‌కమ్) మ్యాపింగ్ అని రాత్రంతా పట్టికలు నింపేది ఇందుకే. పట్టికల గొడవ పక్కనబెడితే మూల ఆలోచన గట్టిది. "పైథాన్ నేర్పుతాం" అనే ప్రకటన కంటే "కోర్సు అయ్యాక ఒక దుకాణం బిల్లుల లెక్కను మీరే ప్రోగ్రామ్ రాసి తేల్చగలరు" అనేది కొలవదగిన మాట. కట్టిన డబ్బుకు ఏమడగాలో కొనేవారికి తెలుస్తుంది.

గేమిఫికేషన్, మైక్రోలెర్నింగ్, అడాప్టివ్ లెర్నింగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మొదటిది పాయింట్లు, బ్యాడ్జీలు ఇచ్చి ఆటలా నడపడం, రెండోది పాఠాన్ని అయిదారు నిమిషాల ముక్కలు చేయడం, మూడోది మీ జవాబుల్ని బట్టి తర్వాతి ప్రశ్నను యంత్రమే ఎంచడం. వీటిలో ఏదీ పాఠంలో సరుకు లేని లోటును తీర్చదు.

ఓపెన్ అన్న మాట దగ్గర మాత్రం ఉపాధ్యాయులు జాగ్రత్తపడాలి. ఉచితంగా చూడగలిగినదల్లా ఓపెన్ కాదు. యూట్యూబ్‌లో ఒక పాఠం ఉచితంగా చూడవచ్చు. దాన్ని దించి, ముక్కలు చేసి, మన ఛానల్లో పెట్టుకునే హక్కు దాంతోపాటు రాదు. ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్స్ అనిపించుకోవాలంటే, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని తయారుచేసినవారే అనుమతి రాసిపెట్టి ఉండాలి. సాధారణంగా ఆ అనుమతి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు రూపంలో ఉంటుంది. ఎంఐటీ తన ఓపెన్ కోర్స్‌వేర్ పాఠాలను ఇలాగే ఇచ్చింది: మా పేరు చెప్పండి, వ్యాపారానికి వాడకండి, మీరు మార్చినదాన్ని కూడా ఇవే షరతులతో పంచండి అని. వాట్సాప్‌లో తిరిగే పుస్తకం పీడీఎఫ్‌కు అలాంటి అనుమతి ఉందో లేదో మొదటి పేజీల్లోనే తెలుస్తుంది.

ఇక కాగితం సంగతి. అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. పార్టిసిపేషన్ సర్టిఫికెట్ అంటే హాజరయ్యాడని మాత్రమే. కంప్లీషన్ సర్టిఫికెట్ అంటే వీడియోలన్నీ చివరిదాకా నడిచాయని. నడిచినప్పుడు మనిషి ముందు కూర్చున్నాడో లేదో దానికి తెలియదు. పరీక్ష పెట్టి ఇచ్చేది మరొకటి. అన్నిటికీ ఒకే రకం బంగారు అంచు ఉంటుంది కాబట్టి, కింద సంతకం ఎవరిదో, దేనికి పూచీ పడుతున్నారో చదవాలి.

క్రెడిట్ అంటే ఒక విశ్వవిద్యాలయం ఆ చదువును తన డిగ్రీ లెక్కలోకి తీసుకుంటానని ఒప్పుకోవడం. జాతీయ క్రెడిట్ విధానంలో 30 గంటల చదువుకు ఒక క్రెడిట్, ఏడాదికి 40. 2021 నుంచి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అనుమతించవచ్చు అన్నారు కాబట్టి, చేరేముందే మీ కాలేజీలో ఆ కోర్సుకు క్రెడిట్ ఇస్తారో లేదో రాతపూర్వకంగా కనుక్కోవాలి. ఇలా సంపాదించిన క్రెడిట్లు దాచే ఖాతాను అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అంటారు. అదీ 2021లోనే మొదలైంది.

డిస్టెన్స్, ఆన్‌లైన్ అనేవి రెండూ యూజీసీ లెక్కలో వేర్వేరు పద్ధతులు. దూరవిద్య మనకు పాత చుట్టమే. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఆ తరహాలో దేశంలోనే మొదటిది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డిగారే తర్వాత 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు కూడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పుస్తకాలు ఇంటికి, ఆదివారం అధ్యయన కేంద్రంలో కాంటాక్ట్ క్లాసులు, ఇదీ దూరవిద్య తీరు. ఆన్‌లైన్ డిగ్రీలో ఆ పనంతా నెట్‌లోనే జరుగుతుంది. గుర్తింపు పొందిన సంస్థ, అనుమతి ఉన్న కోర్సు అయితే ఈ రెండు రకాల డిగ్రీలూ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అయితే బీటెక్, ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ, లా వంటివి ఇలా చదవడానికి వీల్లేదు. ఆన్‌లైన్ బీటెక్ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ సంభాషణ అక్కడితో ముగించవచ్చు. యాప్ కంపెనీలు విశ్వవిద్యాలయం తరఫున ఫ్రాంచైజీగా డిగ్రీ కోర్సులు నడపడానికి కూడా అనుమతి లేదని యూజీసీ హెచ్చరించింది.

చివరగా అలాంటి ఫోన్లలో వినిపించే రెండు మాటలు. ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అంటే ఉద్యోగం వెతకడంలో సాయం, బయోడేటా దిద్దడం, కంపెనీల లింకులు పంపడం. ఉద్యోగం ఇప్పిస్తామన్న పూచీ అందులో లేదు. నో కాస్ట్ ఈఎంఐ అంటే చాలా సందర్భాల్లో మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. కోర్సు నచ్చక మానేసినా వాయిదా మానదు. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు రీఫండ్ షరతు ఏ పేజీలో ఉందో చూపించమనండి.

డబ్బు కట్టేముందు మరో పని చేయండి. చేరబోయేది డిగ్రీ అయితే, అనుమతి ఉన్న కోర్సుల జాబితా యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఏ ఏడాదికా ఏడాది ఉంటుంది, చూడండి. మీ అబ్బాయికో అమ్మాయికో ఆన్‌లైన్ చదువు నప్పుతుందో లేదో తేల్చుకోవాలంటే స్వయంలో నాలుగు వారాల కోర్సు ఒకదాంట్లో చేర్పించండి. చేరడానికి రూపాయి ఖర్చు లేదు.